జోవాల ట్యాంకులో కోరల్ బ్యూటీ వేయొచ్చా?

టవర్‌క్లాక్ (అనంతపురం):
నాలుగడుగుల ఉప్పునీళ్ళ ట్యాంకు, సంపు (కింది ఫిల్టర్ తొట్టి)తో కలిపి 320 లీటర్లు. ఏడాది దాటింది. ఉప్పునీళ్ళ సాంద్రత 1.025, వేడి 26. రాతి పగడాలు ఒక్కటీ లేవు. ఉన్నవన్నీ మెత్తని పగడాలే: జోవాలు (గుత్తిగా పెరిగేవి, ఒక్కో పువ్వులాంటి తలను పాలిప్పు అంటారు), మష్రూములు, ఒక టోడ్‌స్టూల్ లెదర్, వెనక గోడకు పాకిన జీఎస్‌పీ (గ్రీన్ స్టార్ పాలిప్). చేపలు ఓసెల్లారిస్ క్లౌన్ల జంట, ఒక ఫైర్‌ఫిష్. ఇంకో మూడింటికి జాగా ఉంది. బెంగళూరు నుంచి వచ్చిన లిస్టులో కోరల్ బ్యూటీ (మరగుజ్జు ఏంజెల్ చేప), కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై, ఫాక్స్‌ఫేస్ ఉండాయి. నాలుగైదు ఎయిప్టేసియా (కలుపు మొక్కలా పెరిగే, కుట్టే ఎనిమోన్) కూడా మొలిచినాయి. ఏది వేస్తే పగడాలు మిగుల్తాయి?

హంద్రీఒడ్డు (కర్నూలు):
మూడిట్లో ఏదీ వద్దు.

కోరల్ బ్యూటీ సెంట్రోపైగీ జాతి. పొద్దస్తమానం రాయి మీద నాచూ మురికీ గీక్కుంటా తిరగడమే దాని పని. ఆ గీకుడులో జోవా అంచు నోటికి తగిలి రుచి మరిగిందంటే ఇంక ఆ కాలనీ తెరుచుకోదు. లెదర్, జీఎస్‌పీ జోలికి పెద్దగా పోదు, వాటి ఒంట్లో ఘాటు రసాయనాలుంటాయి. మష్రూముల్ని కూడా చాలావరకు వదిలేస్తుంది. నీ ట్యాంకులో అది కొరికేది ఏదన్నా ఉందంటే జోవాలే, నీ దగ్గర ఎక్కువున్నవీ అవే.

కాపర్‌బ్యాండ్ ఎయిప్టేసియా తినొచ్చు, తినకపోవచ్చు. గొట్టపు పురుగుల్ని మాత్రం వదలదు. ఫ్రోజెన్ మైసిస్ (చిన్న రొయ్యల్లాంటి మేత) అలవాటు కాని కాపర్‌బ్యాండ్‌ను తెచ్చుకుంటే పస్తులుండి చస్తుంది. ఫాక్స్‌ఫేస్ 20 సెంటీమీటర్లు దాటి పెరుగుతుంది, నాచు ఉన్నన్నాళ్ళు నాచు మేస్తుంది, అది అయిపోయినాక జోవాల మీద పడుతుంది. దాని ముళ్ళలో విషం ఉంటుంది, ట్యాంకులో చెయ్యి పెట్టేటప్పుడు గుర్తుండాల.

బురుజుకింద (కర్నూలు):
టెయిల్‌స్పాట్ బ్లెన్నీ (నాచు మేసే చిన్న చేప) వేసుకో. నిద్ర పడుతుంది.

పెన్నాతీరం (కడప):
మళ్ళీ మొదలుపెట్టినావా హంద్రీ అన్నా. సెంట్రోపైగీలన్నీ ఒకటే కాదు, ఫ్లేమ్ ఏంజెల్ చేసిన పనికి కోరల్ బ్యూటీని కొడితే ఎట్లా? కొరికేదానికి సగం కారణం ఆకలి. పొద్దున క్లిప్పుకు పావు షీటు నోరి (ఎండు సముద్రపు నాచు), మధ్యాన్నం పెల్లెట్లు, లైట్లు ఆరేముందు మైసిస్. వారానికి మూడుసార్లు స్పాంజి కలిసిన ఏంజెల్ మేత. ఇట్లా కడుపు నిండినదానికి జోవాతో ఏం పని? కొత్త ట్యాంకులో వేయకూడదు, నిజం. గీకేదానికి రాయి మీద ఏమీ ఉండదు కాబట్టి. ఈయనది ఏడాది దాటిన రాయి.

హంద్రీఒడ్డు:
> కడుపు నిండినదానికి జోవాతో ఏం పని

కడుపు నిండినా అది గీకడం ఆపదు తమ్ముడూ. అది ఆకలి కాదు, దాని నడక. ఇంకోటి, మూడు పూటలా మేపితే ఆ ఫాస్ఫేట్ ఎవరు తీస్తారు?

పెన్నాతీరం:
ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.1 పీపీఎం మధ్య ఉంటే జోవాలకు నొప్పేం లేదు. మరీ కడిగినట్టున్న నీళ్ళలోనే ముడుచుకుంటాయి. ఫాస్ఫేట్, నైట్రేట్ రెండూ సున్నాకు దించి డైనోలు (జిగట పొరలా పరుచుకునే సూక్ష్మజీవులు) తెచ్చుకున్న ట్యాంకులు ఈ వేదికలోనే ఎన్ని చూడలేదు. అసలు "కొరికింది, కొరికింది" అంటావే, జోవా ముడుచుకుంటే ఏంజెలే కొరికిందని ఎట్లా చెప్తావు? పాలిప్పుల సందులో మురికి తీసుకుంటుంటే తోక తగిలినా ముడుచుకుంటాయి.

హంద్రీఒడ్డు:
తోక తగిలి ముడుచుకున్నది ఐదు నిమిషాల్లో తెరుచుకుంటుంది. కొరికినది పగలంతా మూసుకొని, చేప పడుకున్నాక తెరుచుకుంటుంది. అంచు కుచ్చులు తెగి ఉంటాయి. భూతద్దం పెట్టి చూడు.

పెన్నాతీరం:
రాత్రి తెరుచుకుంటే ఏంజెల్ తప్పా? లైటు ఎక్కువైనా పగలు ముడుచుకుంటాయి. అల్కలినిటీ (నీళ్ళ క్షారత) ఊగినా అంతే. కుచ్చులు తెగేదానికి జోవాలు తినే నూడిబ్రాంక్ (చిప్పలేని సముద్రపు నత్త) చాలు.

ఉప్పునీళ్ళు (ప్రొద్దుటూరు):
ఒక కొట్టువాళ్ళు "రీఫ్ సేఫ్" (పగడాల్ని ముట్టదు) అని చీటీ మీద రాసిచ్చిన రకూన్ బటర్‌ఫ్లై జోవాలన్నీ మేసేసింది. ఫోన్ చేస్తే "ఎయిప్టేసియా తినిందా లేదా సార్" అన్నారు. తినింది. ఆ మాట నిజమే.

ఎర్రనేల (అనంతపురం):
తినినట్టా, తోక తగిలినట్టా అని వాదించుకునే బదులు పరీక్ష పెట్టండప్పా. పది రూపాయల ప్లాస్టిక్ జల్లిబుట్టలు రెండు తీసుకోండి. ఒకే కాలనీలో సగానికి ఒక బుట్ట బోర్లించి, కదలకుండా పైన రాయి పెట్టండి. మిగతా సగానికి రెండో బుట్ట, కానీ దానికి రెండు పక్కలా చేప దూరేంత కోసేయండి. నీడ రెండింటికీ సమానం, చేపకు దారి ఒకదానికే. ఊరికే ఒక సగానికే బుట్ట పెడితే తెరుచుకుంది నీడకా, చేప లేకనా అని మళ్ళీ కొట్టుకుంటారు.

మూడు రోజులు చూడండి. మూసిన బుట్ట కింద తెరుచుకొని, కోసిన బుట్ట కింద ముడుచుకొనే ఉంటే దొంగ చేపే. రెండూ ముడుచుకుంటే బుట్టలు తీసేసి, లైట్లు ఆరిన గంటకు ఎర్ర టార్చి వేసి చూడండి. నూడిబ్రాంక్ తిన్న జోవా రంగులోనే ఉంటుంది, అంత సులువుగా కనపడదు. దాని గుడ్లు పాలిప్పుల అడుగున చుట్ట తిరిగి ఉంటాయి. సన్‌డయల్ నత్తలు కూడా రాత్రి బయటికొస్తాయి.

జోవా రాయి బయటికి తీస్తే గ్లవ్స్, కళ్ళద్దాలు లేకుండా ముట్టొద్దు. వేడినీళ్ళు పోయొద్దు, రాయి ఉడకబెట్టొద్దు. వాటిలో పాలీటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, ఆవిరితో ఇంట్లోవాళ్ళందరూ ఆస్పత్రి పాలవుతారు.

హంద్రీఒడ్డు:
పరీక్ష బాగుంది. కానీ అది చేప వేసినాక చేసేది. ఈయన అడిగేది వేయకముందు.

పెన్నాతీరం:
వేయకముందు ఏ చేప సంగతీ ఎవరికీ తెలీదు. అందుకే లిస్టుల్లో కోరల్ బ్యూటీకి "జాగ్రత్త" అని రాస్తారు, "వద్దు" అని రాయరు.

ఎర్రనేల:
ఏ లిస్టప్పా అది? బయటి దేశాల లిస్టులో "జాగ్రత్త" అని రాసేది వాళ్ళ ట్యాంకుల్లో ఉండే యుఫీలియా, ఎకాన్, బ్రెయిన్ లాంటి కండగల రాతి పగడాల్నీ, ట్రైడాక్నా ఆల్చిప్పల్నీ మనసులో పెట్టుకుని. మన దగ్గర రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉండాయి. 2001లో చేర్చినారు. నల్ల పగడాలు, ఫైర్ కోరల్, గోర్గోనియన్లు, ఆర్గాన్ పైపు కూడా అందులోవే. ట్రైడాక్నా మాక్సిమా, స్క్వామోసా సరే సరి. ఇంట్లో ఉంచుకునేవి కావు, ఇక్కడ ఎవరూ వాటి గురించి బేరాలు పెట్టొద్దు.

కాబట్టి ఆ లిస్టును మనం తిరగేసి చదువుకోవాల. అక్రోపోరా పాలిప్పులు తప్ప ఇంకోటి దాదాపు ముట్టని ఆరెంజ్ స్పాటెడ్ ఫైల్‌ఫిష్, పగడం కండ మీదే బతికే ఆర్నేట్, మేయర్స్ బటర్‌ఫ్లైలు ఉండాయి. అవి నీ జోవాలకు చేసే చెరుపు కంటే నీ ట్యాంకు వాటికి చేసే చెరుపే ఎక్కువ. తిండి లేక ఎండిపోతాయి. ఎంత చవకైనా కొనొద్దు. మరగుజ్జు ఏంజెల్స్ సంగతి దీనికి ఎదురు. వాళ్ళ ట్యాంకులో జోవాలు ఒక మూల ఉంటాయి, మన ట్యాంకంతా జోవాలే. వాళ్ళ "జాగ్రత్త" మనకు రెండింతలు.

హంద్రీఒడ్డు:
ఇదే నేను మొదటి నుంచి మొత్తుకునేది.

పెన్నాతీరం:
నువ్వు మొత్తుకున్నది ఇది కాదు. "మూడూ వద్దు" అని ఒక్క మాటన్నావు. ఎవరేం అడిగినా నీ నోట "వద్దు" తప్ప రాదు. నీ ట్యాంకు ఫొటోలు చూసినాం కదా, రాళ్ళ మ్యూజియం. చేప యాడుందో బాణం గుర్తు పెట్టి చూపించినావు.

హంద్రీఒడ్డు:
నీది చేపల దొడ్డి. జోవాలు ప్రతి ఫొటోలో ముడుచుకునే ఉంటాయి, "ఇప్పుడే లైటు వేసినా" అని కింద రాస్తావు.

నిర్వాహకుడు:
ట్యాంకుల ఫొటోలు ఈ దారంలోకి తేవద్దు. అడిగినదానికి జవాబు చెప్పండి, లేకుంటే తాళం వేస్తా.

పెన్నాతీరం:
సరే, తాళం వేసేలోపు చెప్తా. నాకు ట్యాంకంటే చేప. ఇంటికొచ్చిన పిల్లోళ్ళు అద్దానికి ముక్కు ఆనించి చూసేది చేపనే. జోవాలు పది పాలిప్పులు పోతే నెలలో ఇరవై మొలుస్తాయి. ఆ మాత్రం నష్టానికి జడిసి జీవితాంతం బ్లెన్నీతో సరిపెట్టుకోమంటే నాకు నచ్చదు.

హంద్రీఒడ్డు:
అదీ అసలు మాట. అది మొదటే చెప్పుంటే ఇంత రాసే పని లేదు. నువ్వు జోవాల్ని మేత కింద లెక్కేసుకున్నావు, నేను వాటి కోసమే ట్యాంకు పెట్టుకున్నా. ఈయన "ఏది వేస్తే పగడాలు మిగుల్తాయి" అని అడిగినాడు, "ఏ చేప అందంగా ఉంటుంది" అని కాదు.

పోయిన జోవా మొలుస్తుంది, ఒప్పుకుంటా. లోపలికి పోయిన ఏంజెల్ బయటికి రాదు. రాతి సందుల్లో పుట్టి పెరిగినట్టు తిరుగుతుంది, వలతో దొరకదు. చివరికి నీళ్ళు సగం తోడి, రాళ్ళన్నీ పీకి పట్టాల్సిందే. ఎపాక్సీతో అతికించిన రాయి అయితే ఆ దారీ లేదు. తీయలేని చేపను పరీక్ష కోసం వేయకూడదు. నా వాదనంతా ఇంతే.

పెన్నాతీరం:
తీయలేమని ఎవరన్నారు? ముందే సిద్ధం చేసుకుంటే తీయొచ్చు. అక్రిలిక్ పెట్టెను అద్దానికి తగిలించి, చేపను మొదటి వారం పది రోజులు అందులోనే ఉంచాల. మేతకు అలవాటైందో లేదో తెలుస్తుంది, క్లౌన్లు దాన్ని తరమకుండా ఉంటాయి. వదిలినాక కూడా పెట్టె తీసేయకుండా తలుపు తెరిచి, నోరి క్లిప్పు దాని లోపలే పెట్టు. రోజూ వచ్చి అక్కడే తింటుంది. పట్టాల్సి వచ్చిన రోజు ముందు పూట అందరికీ మేత ఆపి, తలుపుకు దారం కట్టి కూర్చో. దారం లాగడం ఒక్కటే పని. పెట్టె అప్పటికప్పుడు తెచ్చి పెడితే మాత్రం దాని మొహం కూడా చూడదు.

హంద్రీఒడ్డు:
ఆ పెట్టె సంగతి రెండో పోస్టులో రాసుంటే నేను "వద్దు" బదులు "పెట్టెతో అయితే చూద్దాం" అని ఉండేవాణ్ణి.

పెన్నాతీరం:
ఉండవు.

బోరునీళ్ళు (కడప):
ఏంజెల్ గొడవలో ఇంకోటి మరిచినారు. ఎవరో ఒకరు ఇప్పుడొచ్చి ఫెయిరీ రాస్ చేపను వేసుకోమంటారు. పగడాల వరకు అది నిక్షేపం, నీళ్ళలో తేలే మేతే తింటుంది, కానీ దూకుతుంది. మన ఎండాకాలంలో చిల్లర్ లేనివాళ్ళు మూత తీసి ఫ్యాన్ పెడతారు. గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఆవిరై రెండు మూడు డిగ్రీలు దిగుతుంది కూడా. ఆ తెరిచిన మూతలోంచే రాస్ నేల మీద పడుతుంది. ఫైర్‌ఫిష్ కూడా దూకేదే. కిటికీ దోమతెర ఫ్రేమ్ చేయించి, దోమతెర బదులు 6 మిల్లీమీటర్ల కన్నున్న తెల్ల నైలాన్ వల బిగించుకో. గాలీ లైటూ పోతాయి, చేప పోదు. ఫ్యాన్ పెట్టినన్నాళ్ళు ఆటో టాపప్ (ఆవిరైన నీళ్ళను తనంతట తానే నింపేది) ఉండాల్సిందే, లేకపోతే సాయంత్రానికి ఉప్పు ఎక్కుతుంది. టాపప్‌కు టీడీఎస్ (కరిగిన లవణాల లెక్క) సున్నా ఉన్న ఆర్వో డీఐ నీళ్ళే, బోరు నీళ్ళు కాదు. నా పేరు చూసి పోయొద్దు.

టవర్‌క్లాక్:
అందరికీ దండాలు. కాపర్‌బ్యాండ్, ఫాక్స్‌ఫేస్ కొట్టేసినా. ముందు వల మూత చేయించి ఒక ఫెయిరీ రాస్, బ్లెన్నీ వేస్తా. కోరల్ బ్యూటీ ఇప్పుడు కాదు. రాళ్ళు ఎపాక్సీతో అతికించినవే, హంద్రీ అన్న చెప్పినట్టు. ఎయిప్టేసియాకు పెప్పర్‌మింట్ రొయ్య చాలా?

ఎర్రనేల:
పెప్పర్‌మింట్ అని క్యామెల్ రొయ్యను అంటగడతారు, చూసుకో. క్యామెల్‌కు వీపు మీద గూని, ఒంటి మీద ఎర్ర గీతల మధ్య తెల్ల చారలు స్పష్టంగా ఉంటాయి. పెప్పర్‌మింట్‌కు ఆ తెల్ల చారలుండవు. క్యామెల్ జోవాల్నీ మష్రూముల్నీ తింటుంది. ఏంజెల్ గురించి ఇంత కొట్టుకుని రొయ్యను తెచ్చుకున్నట్టవుతుంది.

నాలుగైదే కాబట్టి రొయ్య కూడా అక్కరలేదు. కాల్షియం హైడ్రాక్సైడ్ పొడిని కొద్ది ఆర్వో నీళ్ళతో పెరుగంత చిక్కగా కలిపి, సూది తీసిన సిరంజిలో నింపు. పంపులన్నీ ఆపు. ఎయిప్టేసియాను కదిలించకుండా నోటి మీద మెల్లగా వదులు. కదిలిస్తే సందులోకి ముడుచుకుంటుంది, ముక్క మిగిలితే మళ్ళీ మొలుస్తుంది. ఇరవై నిమిషాలాగి పంపులు వెయ్యి. రోజుకు రెండు మూడింటికి మించొద్దు, పీహెచ్ ఎగురుతుంది. పక్కనున్న జోవా మీద పడితే అదీ కాలుతుంది.

పెన్నాతీరం:
పెట్టె మాత్రం ఇప్పుడే తగిలించి పెట్టుకో. రాస్‌ను కూడా అందులోంచే వదలొచ్చు. ఎప్పటికైనా ఏంజెల్ వేస్తావు, నాకు తెలుసు.

హంద్రీఒడ్డు:
వేస్తే అన్నిటికంటే ఆఖర్న వెయ్యి. ముందొచ్చిన ఏంజెల్ రాస్‌ను బతకనీదు.