ప్రతి బ్లడ్ బ్యాంకుకూ సొంత సెంట్రిఫ్యూజ్ అవసరమా?

మూసీతీరం:
మా కాలనీ సంఘం పోగు చేసిన నిధితో మలక్‌పేటలోని ఒక చిన్న బ్లడ్ బ్యాంకుకు రక్తాన్ని వేగంగా తిప్పి విడదీసే సెంట్రిఫ్యూజ్ కొనివ్వాలని నా వాదన. అక్కడ ఇప్పుడు హోల్ బ్లడ్, అంటే విడదీయని రక్తం మాత్రమే దొరుకుతుంది. అదే సంచిని ఎర్రకణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లుగా విడదీస్తే ముగ్గురికి పనికొస్తుంది కదా! అయినా సంఘంలో సగం మంది అడ్డుపడుతున్నారు. మీరేమంటారు?

రాత్రిడ్యూటీ (టెక్నీషియన్):
అడ్డుపడేవారిదే న్యాయమండి. ఒక్క సెంట్రిఫ్యూజ్ కొనివ్వడమంటే పందిరి వేసి పెళ్లయిపోయిందనుకోవడమే. ఎర్రకణాలకు 2–6 డిగ్రీల ఫ్రిజ్, ప్లాస్మాకు మైనస్ 30 డిగ్రీల ఫ్రీజర్, ప్లేట్‌లెట్లకు 20–24 డిగ్రీల వద్ద రాత్రింబవళ్లు ఊగే అజిటేటర్ ఉండాలి. జనరేటర్, ప్రత్యేక గది, లైసెన్సు సరేసరి. ఇక అసలు పని చూడండి. ఎదురెదురు కప్పుల్లో పెట్టే సంచుల బరువు సమానంగా లేకపోతే యంత్రంలో తిరిగే భాగం (రోటర్) అదురుతుంది. యంత్రం ఆగాక సంచిని కుదపకుండా తీసి ఎక్స్‌ప్రెసర్ అనే నొక్కుడు పరికరం పలకల మధ్య పెడితే, పైన తేరిన పసుపు ప్లాస్మా గొట్టంలోంచి పక్క సంచిలోకి ఎక్కుతుంది. ఎరుపు అంచు గొట్టాన్ని తాకేలోపు క్లిప్పు బిగించాలి. కాస్త ఏమరితే ఎర్రకణాలు వచ్చి కలుస్తాయి. రోజుకు రెండు మూడు సంచులు వచ్చే చోట ఎవరికీ చేయి తిరగదు.

సైదాబాద్‌వాసి:
చెప్పడానికి బాగానే ఉంది. డెంగీ కాలంలో మా అబ్బాయికి ప్లేట్‌లెట్లు కావాలన్నారు. అర్ధరాత్రి ఊరు ఈ చివర నుంచి ఆ చివర దాకా తిరిగాను. పేటపేటకూ యంత్రముంటే నాకా తిప్పలు తప్పేవి.

చిక్కడపల్లి డాక్టర్:
మీ కష్టం కాదనను. కానీ ప్లేట్‌లెట్ల ఆయుష్షు 5 రోజులే. చిన్న కేంద్రం జనవరిలో వాటిని పారబోస్తుంది, సెప్టెంబరులో ఖాళీ అరలు చూపిస్తుంది. పైగా పెద్దవారికి ఒక్క సంచి ఏ మూలకూ రాదు. నాలుగు నుంచి ఆరు కావాలి, లేదా ఒకే దాత నుంచి ఎఫెరిసిస్ యంత్రంతో (ప్లేట్‌లెట్లు మాత్రం తీసుకుని మిగతా రక్తం దాతకే తిరిగి ఎక్కించేది) తీసినవి కావాలి. ఇంకో మాట: రక్తస్రావం లేని డెంగీ రోగికి ప్లేట్‌లెట్ల సంఖ్య 10 వేలకు దిగే వరకు సాధారణంగా ఎక్కించనక్కర్లేదు. 40 వేలకే బెంబేలెత్తి పరుగులు తీయించే వైద్యులు మాలోనూ ఉన్నారు.

మూసీతీరం:
థలసీమియా పిల్లల సంగతో? వాళ్లకు ఎర్రకణాలు చాలు. హోల్ బ్లడ్ ఎక్కిస్తే ప్లాస్మా వృథాయే కదా?

రాత్రిడ్యూటీ:
ముమ్మాటికీ వృథాయే. అందుకే రక్తదాన శిబిరం మీరు పెట్టండి, సేకరణ మాత్రం రక్తాన్ని విడదీసే (కాంపోనెంట్) లైసెన్సున్న పెద్ద కేంద్రానికి అప్పగించండి. వాళ్లు ట్రిపుల్ బ్యాగుల్లోనే, అంటే గొట్టాలతో కలిపిన మూడు సంచుల్లోనే తీస్తారు. ప్లేట్‌లెట్లు తీయాల్సిన రక్తాన్ని ఐసులో పెట్టకుండా 6 గంటల్లోపు యంత్రంలో వేయాలి. మన ట్రాఫిక్‌తో కలిపినా ఆ గడువు చాలు. మీ నిధితో ఆ రక్తం చేరవేసే వ్యాను కొనండి. దాని మీద కూడా దాతల పేర్లు రాయించుకోవచ్చు లెండి.

సైదాబాద్‌వాసి:
తీసుకెళ్లినవి మళ్లీ మా వైపు వస్తాయని పూచీ ఎవరిది? పెద్ద కేంద్రం ముందు తన ఆసుపత్రి రోగులనే చూసుకుంటుంది.

రాత్రిడ్యూటీ:
ఆ అనుమానం సబబే. నిల్వ కోసం వాడే అడిటివ్ ద్రావణం కలిపిన ఎర్రకణాలు 42 రోజులు నిలుస్తాయి కాబట్టి, ఇన్ని సంచులు మలక్‌పేటకు తిరిగి ఇవ్వాలని ముందే రాయించుకోవచ్చు. ప్లేట్‌లెట్లకు మాత్రం నేను పూచీ పడలేను.

మూసీతీరం:
అయితే ఆ ఒప్పందం కాగితం మీద చూశాకే వ్యాను మాట. అంతవరకు నా ప్రతిపాదన వెనక్కి తీసుకోను.