మనాలి మంచులోకి మన క్రెటా: టైర్లు మార్చాలి, ఏవి వేయించమంటారు?

పటమట_క్రెటా:

అందరికీ నమస్కారం. మాది విజయవాడ పటమట. 2018 క్రెటా డీజిల్, మాన్యువల్ గేరు, 54,000 కిలోమీటర్లు తిరిగింది. కొన్నప్పటి టైర్లే ఇంకా ఉన్నాయి, సైజు 215/60 ఆర్17. సంక్రాంతి అయ్యాక జనవరి 20 ప్రాంతంలో హైదరాబాద్, నాగపూర్, ఆగ్రా, ఢిల్లీ మీదుగా మనాలి వెళ్దామని అనుకుంటున్నాం. నేనూ మావారూ మార్చి మార్చి నడుపుతాం. మా మామయ్యగారు ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యారు. "జన్మంతా బ్యారేజీలో పారే నీళ్లే చూశానమ్మా, గడ్డకట్టిన నీళ్లు ఒక్కసారి చూడాలని ఉంది" అని పోయిన దసరాకి అన్నారు. విమానంలో వద్దట, దారిలో కురుక్షేత్రం కూడా చూడాలట. అందుకే కారు.

నిన్న టైర్లు చేత్తో తడిమి చూశాను. ముందు రెండింటికీ లోపలి అంచు నున్నగా ఉంది, బయటి వైపు మాత్రం గాడి ఇంకా బాగానే ఉంది. వెనక టైర్ల గాడుల్లో వేసవిలో ఎండిన చెరువు మట్టిలా సన్నటి పగుళ్లు. మూడు షాపుల్లో అడిగితే మూడు మాటలు. ఒకాయన పెద్ద గుబ్బలుండే ఏటీ (ఆల్ టెరైన్, అంటే మట్టిదారులకీ పనికొచ్చే) టైర్లు వేస్తే మంచులో తిరుగులేదన్నారు. ఇంకొకాయన 215 బదులు 225 మిల్లీమీటర్ల వెడల్పువి వేయమన్నారు, గ్రిప్ పెరుగుతుందట. మూడో ఆయన ముందు రెండూ మారిస్తే చాలు, ఇంజిను లాగేది ముందు చక్రాలనే కదా అన్నారు. మావారి స్నేహితుడేమో అసలు మంచు టైర్లే తెప్పించుకోమంటున్నాడు. పెద్దాయన్ని వెనక కూర్చోబెట్టుకుని వెళ్తున్నాం, అందుకే టెన్షన్. నిజంగా మంచులో నడిపినవాళ్లు చెప్పండి.

ఆటోనగర్_ఫిట్టర్:

అమ్మా, 22 ఏళ్లుగా టైర్లు ఎక్కించి దించుతున్నాను. మంచులో ఎప్పుడూ నడపలేదు, టైరు గురించి మాత్రం చెప్తాను.

ఆ పగుళ్లు రబ్బరు ముసలిదైపోయిందని చెప్తున్నాయి. గాడి ఎంతున్నా ఆ టైర్లతో మనాలి కాదు కదా, మండుటెండలో హైదరాబాద్ హైవే కూడా ఎక్కొద్దు. ముందు టైర్లకు లోపలి అంచు అరిగిందంటే అలైన్‌మెంట్ పోయింది. కింద చక్రాన్ని పట్టి ఉంచే బుష్‌లు, బాల్ జాయింట్లు కూడా చూపించండి. అవి చూడకుండా కొత్తవి వేస్తే పదివేలు తిరిగేసరికి వాటికీ అదే గతి. స్టెప్నీ కిందకి దిగకపోయినా దాని వయసూ అదే, దాన్ని నమ్ముకుని అంత దూరం పోవద్దు.

రెండే మారిస్తే చాలన్న మాట వినొద్దు. ముందు కొత్తవి, వెనక పాతవి ఉంటే నున్నటి రోడ్డు మీద ముందు భాగం పట్టుకుంటుంది, తోక జారుతుంది. మన దగ్గర వానలో కూడా అంతే. డబ్బుల్లేక రెండే కొనేవాళ్లకు ఆ రెండూ వెనకే వేస్తాను. మీ పనికి నాలుగూ కావాలి.

కొనేటప్పుడు టైరు పక్కన డీఓటీ అని ఉన్న వరస చివర నాలుగంకెలు మీరే చదవండి. 2325 అని ఉంటే 2025లో 23వ వారంలో తయారైందని. ఎక్కించాక చూద్దాం అంటే ఒప్పుకోవద్దు, గోడకి ఆనించి ఉన్నప్పుడే చూడండి. సైజు పక్కన 96హెచ్ అని ఉంటుంది. 96 బరువుకి, హెచ్ వేగానికి. దానికి తక్కువది తీసుకోవద్దు.

గుంటూరు_బఫెలో:

మాది గుంటూరు అరండల్‌పేట, తొమ్మిదేళ్లుగా న్యూయార్క్ రాష్ట్రంలో బఫెలోలో ఉంటున్నాం. ఇక్కడ నవంబరు నుంచి మార్చి దాకా మా టొయోటా రావ్4 కారుకి మంచు టైర్లు వేస్తాం, ఏప్రిల్‌లో తీసేస్తాం. వాటికి వేరే రిమ్ములు కొనిపెట్టుకున్నాం. ఆ టైర్ల రహస్యమంతా రబ్బరులోనే ఉంది. ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల కంటే తగ్గితే మామూలు టైరు రబ్బరు బిగుసుకుపోయి రోడ్డుని పట్టుకోదు. మంచు టైరు రబ్బరు ఆ చలిలోనూ మెత్తగానే ఉంటుంది. దాని మీద కత్తితో గాటు పెట్టినట్టు వందల సన్నటి చీలికలుంటాయి. మంచు వాటిలో దూరి ఇరుక్కుంటుంది. మంచు మంచుని బాగా పట్టుకుంటుంది కాబట్టే బండి నిలబడుతుంది. పెద్ద గుబ్బల టైరుకి ఈ చీలికలు తక్కువైతే బురదలో ఏనుగే గానీ, గట్టిపడిన మంచు మీద జారుతుంది.

టైరు పక్కన ఎం ప్లస్ ఎస్ (మడ్ అండ్ స్నో, అంటే బురద, మంచు) అని ఉంటే మంచు టైరని షాపువాళ్లు చెప్తారు. ఆ అక్షరాలు గాడుల ఆకారాన్ని బట్టి వేసేవి, వాటికి మంచు మీద పరీక్ష అక్కర్లేదు. పరీక్ష పాసైన టైరుకి మూడు శిఖరాల కొండ బొమ్మ, మధ్యలో మంచు రేకు గుర్తు ఉంటుంది. చూడాల్సింది అది.

కానీ అక్కా, మీరు ఆ మంచు టైర్లు కొనొద్దు. మీది రానూ పోనూ 4,800 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అందులో మంచు మీద నడిచేది యాభై, అరవై ఉంటే గొప్ప. ఆ మెత్తటి రబ్బరు నాగపూర్ మధ్యాహ్నానికీ మన బెజవాడ మే నెలకీ పెన్సిల్ రబ్బరులా అరిగిపోతుంది. ఎండలో, వానలో బ్రేకు కూడా సరిగ్గా పడదు.

ఇంకో మాట. 2022 డిసెంబరు తుఫానులో ఇక్కడ రోడ్ల మీద బండ్లు తిరగకూడదని నిషేధం పెట్టారు. మా కౌంటీలోనే (మన జిల్లా లాంటిది) 40 మందికి పైగా చనిపోయారు. మంచి టైర్లున్నాయి కదా అని బయల్దేరినవాళ్ల కార్లు కూడా మంచులో కూరుకుపోయాయి. కురుస్తున్నప్పుడు గదిలోనే ఉండండి.

మంగళగిరి_రోడ్డు:

మీ పోస్టు చదివి ఆగలేకపోయాను మేడమ్. 2023 జనవరిలో మేమూ ఇలాగే వెళ్లాం. నాది ఎక్స్‌యూవీ500, నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లే రకం. టైర్లు 48,000 తిరిగినవి. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది కదా అన్న ధైర్యంతో మనాలి పైనున్న సోలంగ్ లోయ దాకా ఎక్కించేశాను, ఎక్కడా జారలేదు. దిగేటప్పుడు తెలిసింది అసలు సంగతి. దారిలో పల్చాన్ అనే ఊరి దగ్గర రోడ్డు తడిసినట్టు నల్లగా మెరుస్తోంది. నీళ్లనుకున్నాను, అది అద్దంలా పరుచుకున్న మంచు. వేగం పదిహేను కూడా లేదు. బ్రేకు మీద కాలు పెడితే పెడల్ కింద టకటకమని ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే బ్రేకు ఏర్పాటు) కొట్టుకుంటోంది, బండి మాత్రం ఆగట్లేదు. స్టీరింగ్ ఎటు తిప్పినా నేరుగానే పోతోంది. ఇరవై అడుగులు అలా జారాం. పక్కన మా ఆవిడ నోట మాట లేదు, నా చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కొండ వైపు తోసిపెట్టిన మంచు గుట్టకి బంపరు ఆనుకుని ఆగింది. రెండో వైపు లోయ.

నాలుగు చక్రాలకీ పవర్ వెళ్తే బండి కదలడానికి సాయం. ఆగడానికి నా బండికీ మీ క్రెటాకీ ఉన్నవి అవే నాలుగు బ్రేకులు, అవే నాలుగు అరచేతులంత రబ్బరు. వెనక వచ్చిన టాక్సీ అతను దిగి, మాట్లాడకుండా మంచులో పట్టు కోసం టైర్లకి చుట్టే తన గొలుసులు తీసి నా ముందు చక్రాలకి కట్టి కిందకి దింపాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. టీ తాగించాను.

కాబట్టి నా సలహా ఇది. కంపెనీ చెప్పిన సైజులోనే మంచి కంపెనీ హైవే టైర్లు, ఈ మధ్యే తయారైనవి నాలుగు వేయించండి. మంచు గుర్తున్న టైరు మీ సైజులో దొరికి, ధర అందుబాటులో ఉంటే సంతోషం, దానికోసం ప్రయాణం ఆపుకోవద్దు. బయల్దేరే ముందు నాలుగైదు వందల కిలోమీటర్లు తిప్పండి, కొత్త రబ్బరు పైపొర కాస్త అరిగితేనే పట్టు వస్తుంది. మిగతా డబ్బు గొలుసుల మీద పెట్టండి. క్రెటాకి ముందు చక్రాలు లాగుతాయి కాబట్టి ముందే కట్టాలి. లోపల సస్పెన్షన్‌కి తగలకుండా ఎంత మందం గొలుసు పడుతుందో కారుతో ఇచ్చిన పుస్తకంలో చూసుకోండి. 225 టైరు వేస్తే ఆ సందు ఇంకా తగ్గిపోతుంది, అందుకే అది వద్దు. గొలుసులతో ముప్పై దాటొద్దు, తారు రోడ్డు కనపడగానే విప్పేయాలి.

మంచు బాగా పడితే మనాలి దాటాక పోలీసులు ఎలాగూ ఆపుతారు. గొలుసులున్నవాటినో ఫోర్ బై ఫోర్‌లనో తప్ప పంపరు. అప్పుడు వాదించకుండా కారు హోటల్లో పెట్టి అక్కడి టాక్సీ మాట్లాడుకోండి. అటల్ టన్నెల్ 9 కిలోమీటర్లు, అవతల సిస్సూలో మామయ్యగారికి కావలసినంత మంచు. నడిపేది అక్కడి మనిషైతే మీరూ మామయ్యగారి పక్కన కూర్చుని కిటికీలోంచి చూడొచ్చు.

ఇంకొన్ని గబగబా చెప్తాను. మన ఊళ్లో రేడియేటర్లో చాలామంది నీళ్లు పోస్తారు. మీ బండిలో సగానికి సగం కూలెంట్ ఉందో లేదో చూపించండి, లేకపోతే గడ్డకట్టి ఇంజిను పగులుతుంది. అద్దం కడిగే నీళ్లూ అలాగే గడ్డకడతాయి. రాత్రి హ్యాండ్ బ్రేక్ వేయొద్దు, చలికి పట్టేస్తుంది. గేరులో పెట్టి చక్రానికి రాయి అడ్డం పెట్టండి. డీజిల్ కులూ దాటాక అక్కడి బంకులోనే నింపుకోండి. గాలి మాత్రం పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు చూడండి. ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు తగ్గినప్పుడల్లా గాలి ఒక పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) చొప్పున తగ్గుతుంది.

పటమట_క్రెటా:

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియట్లేదు. ఒక్క అనుమానం. గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుందని మావారు ఎక్కడో చదివారట. నిజమేనా?

ఆటోనగర్_ఫిట్టర్:

అది ఇసుకలో అమ్మా. మీరు డ్రైవరు డోరు దగ్గర స్టిక్కర్ మీద ఎంతుంటే అంతే పెట్టండి. గాలి తక్కువైన టైరుతో హైవే మీద వంద వేగంతో పోతే వేడెక్కి పేలుతుంది.

పటమట_క్రెటా:

నాలుగూ, స్టెప్నీతో కలిపి ఐదూ మార్పించాం. మొదట తెచ్చినవాటి మీద అంకెలు చదివితే రెండింటివి మూడేళ్ల కిందటివి. వద్దంటే షాపతను ముఖం చిట్లించాడు గానీ సాయంత్రానికి వేరేవి తెప్పించాడు. అలైన్‌మెంట్ చేసేముందు చూస్తే ఎడమ వైపు కింద బుష్ చిరిగిపోయి ఉంది, అదీ మార్చాం. రేడియేటర్లో సగానికి పైగా నీళ్లే ఉన్నాయట, కడిగి కూలెంట్ పోశారు.

గొలుసులు నిన్న వచ్చాయి. రాత్రి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కట్టి చూశాం. మొదటిసారి నలభై నిమిషాలు పట్టింది, కొక్కెం టైరు వెనక చేతికి అందక నా వేళ్లు గీసుకుపోయాయి. మూడోసారికి పన్నెండు నిమిషాలు. మామయ్యగారు కుర్చీ వేసుకుని టార్చి పట్టుకున్నారు, అక్కడ చలికి చేతులు కొంకర్లు పోతాయి, గ్లౌజులు వేసుకుని కట్టి చూడండమ్మా అన్నారు. ఇవాళ అలా ప్రయత్నించాలి. రేపు గుంటూరు దాకా ఒకసారి, ఎల్లుండి ఏలూరు దాకా ఒకసారి తిప్పుతాం.