ఇబ్న్ బతూతా టైమ్‌లైన్‌లో ఆ ఒక్క ఏడాది ఎలా సర్దాలి?

నమస్కారమండీ. ఇంటర్ పిల్లల కోసం 14వ శతాబ్దపు మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా ప్రయాణాల చార్ట్ వేస్తున్నాను. 1325లో టాంజియర్ నుంచి హజ్‌కి బయలుదేరడం దగ్గర చిక్కేమీ లేదు. ఢిల్లీలో తుగ్లక్ కొలువులో ఖాజీగిరీ, మాల్దీవుల్లో మళ్లీ అదే ఉద్యోగం, చివర్లో పశ్చిమాఫ్రికాలోని మాలి యాత్ర, ఇవన్నీ వరసగానే కూర్చున్నాయి.

చిక్కంతా మక్కాకీ సింధు నదికీ మధ్యే. ఆయన లెక్కలో 1332 హజ్ అయ్యాక మక్కా వదిలాడు, 1333 సెప్టెంబరుకల్లా సింధు చేరాడు. ఈలోపే ఈజిప్టు, సిరియా, అనటోలియా (నేటి టర్కీ), క్రిమియా, మంగోలు పాలకుడు ఉజ్బెగ్ ఖాన్ శిబిరం, అక్కణ్నుంచి ఖాన్ భార్యతో కాన్‌స్టాంటినోపుల్, తిరిగొచ్చి బుఖారా, సమర్‌ఖండ్, హిందూకుష్! గుర్రాలు, ఎడ్ల బళ్ల మీద ఏడాదిలో ఇదంతా అయ్యే పనేనా? పైగా మధ్యలో చలికాలం.

మక్కా నుంచి 1330లోనే బయలుదేరి ఉంటాడని కొందరు పండితులు అంటారు. సింధు చేరిన తేదీనే 1333 తర్వాతికి జరపాలని ఇంకొందరు. నాకైతే మొదటిదే నయమనిపిస్తోంది. ఆయన ఇదంతా ఎన్నో ఏళ్ల తర్వాత మొరాకోలో ఇబ్న్ జుజయ్ అనే పండితుడికి చెప్పి రాయించాడు. బుఖారాలో రాసుకున్న కాగితాలు సముద్రం మీద దోపిడీలో పోయాయని ఆయనే చెప్పాడు కూడా. తేదీలు తారుమారవడంలో వింతేముంది?

చరిత్ర చదివినవాళ్లు చెప్పండి, చార్ట్‌లో ఏ తేదీ వెయ్యను? 1330 వేస్తే మక్కాలో ఆయన ఉన్నానన్న ఏళ్లు తగ్గించాలా? వోల్గా నది దగ్గరి బుల్గార్ నగరానికి వెళ్లొచ్చానన్న ముక్క కల్పితమే అంటున్నారు కదా, దాన్ని తీసేసినా పర్లేదా?