కుటుంబ మిల్లుల నిర్వహణపై పరిశోధన: ప్రశ్నావళి ఎందుకు పనిచేయడం లేదు?

ప్రశ్న: పరిశోధక విద్యార్థి, గుంటూరు

నేను మేనేజ్‌మెంట్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. గుంటూరు చుట్టుపక్కల పత్తి జిన్నింగ్ మిల్లుల (పత్తి నుంచి గింజను వేరుచేసే మిల్లుల) యజమానులు బయటి నుంచి తెచ్చుకున్న మేనేజర్లకు అధికారం ఎందుకు అప్పగించరన్నది నా అంశం. విదేశీ పరిశోధన పత్రాల్లో వాడిన ప్రశ్నావళినే తెలుగు చేసి, ఒక్కో వాక్యానికి ఒకటి నుంచి ఐదు వరకు అంకె వేయమని మిల్లుల వారిని కోరాను. తిరిగి వచ్చిన కాగితాల్లో దాదాపు అన్నిటా నాలుగులూ ఐదులే కనిపించాయి. "మా మేనేజరుకు సొంతంగా నిర్ణయించే స్వేచ్ఛ ఉంది" అన్న వాక్యానికి ఐదు వేసిన ఒక యజమాని దగ్గరకు, నేను ఇంకా ఎదురుగా కూర్చుని ఉండగానే, ఒక చిన్న బేరింగు కొనడానికి అనుమతి కోసం ఆ మేనేజరు రెండుసార్లు వచ్చి వెళ్లారు. ఈ జవాబులతో గణాంక విశ్లేషణ చేస్తే అంకెలైతే వస్తాయి గానీ, వాటిని నమ్మడానికి నాకే మనసొప్పడం లేదు. పెద్ద కంపెనీల సమాచార నిధుల్లో చూస్తే, భాగస్వామ్య సంస్థలైన ఈ మిల్లులు అసలు కనిపించడమే లేదు. నేనేం చేయాలో అనుభవజ్ఞులు చెప్పగలరా?

సమాధానం 1: మేనేజ్‌మెంట్ అధ్యాపకురాలు, హైదరాబాద్

మీరు చూసిన ఆ బేరింగు సంఘటనే మీ పరిశోధనకు మొదటి ఆధారం, దాన్ని జాగ్రత్తగా రాసిపెట్టుకోండి. తన సంస్థ గురించి తననే మార్కులు వేయమంటే ఏ దేశపు యజమాని అయినా మంచి మార్కులే వేసుకుంటాడు. ఆర్థికవేత్తలు నికొలస్ బ్లూమ్, జాన్ వాన్ రీనన్ ఈ చిక్కును ముందే ఊహించి వేరే పద్ధతిని రూపొందించారు. 2007లో అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీలలోని 732 మధ్యతరహా తయారీ సంస్థలపై వచ్చిన వారి పత్రంలో మార్కులు వేసింది సంస్థల వారు కాదు, ఫోనులో ఇంటర్వ్యూ చేసినవారు. తమకు మార్కులు పడుతున్నాయని అవతలి మేనేజరుకు తెలియదు, ఆ సంస్థ లాభనష్టాలేమిటో ఇంటర్వ్యూ చేసేవారికి తెలియదు. "ఉత్పత్తిని ఎలా గమనిస్తుంటారో చెప్పండి" అని మొదలుపెట్టి, ఉదాహరణలు అడుగుతూ పోయి, విన్న దాన్ని బట్టి 18 నిర్వహణ పద్ధతుల్లో ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు వరకు మార్కు ఇచ్చారు. తర్వాత ఈ సర్వేను భారతదేశానికి విస్తరించినప్పుడు, మన సగటు అమెరికా కంటే చాలా తక్కువగా వచ్చింది. నా దృష్టిలో సగటు కంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది: మన సంస్థల్లో కొన్ని అక్కడి మంచి సంస్థలకు దీటుగా ఉన్నాయి, మన సగటును కిందికి లాగింది అట్టడుగున ఉన్న పెద్ద గుంపు. అందువల్ల "భారతీయ సంస్థలు ఇంతే" అన్న వాక్యం మీ సిద్ధాంత గ్రంథంలో ఎక్కడా రానివ్వకండి.

మీ అంశానికి సరిగ్గా సరిపోయే కొలత ఇంకొకటి ఉంది. బ్లూమ్, రఫాయెల్లా సాదున్, వాన్ రీనన్ 2012లో ప్రచురించిన పత్రంలో, పైవారిని అడగకుండా ప్లాంటు మేనేజరు ఎంత సొమ్ము పెట్టుబడిగా ఖర్చు చేయగలరన్నది అధికార వికేంద్రీకరణకు ఒక సూచికగా తీసుకున్నారు. మనుషుల మధ్య పరస్పర నమ్మకం ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లోని సంస్థలు కింది వారికి ఎక్కువ అధికారం ఇస్తున్నాయని అందులో తేలింది. "స్వేచ్ఛ ఉందా?" అని అడగడం మానేసి, "యజమాని ఊళ్లో లేని రోజున మేనేజరు ఎంత వరకు ఖర్చు పెట్టగలరు, చివరిసారి అలా దేనికి పెట్టారు?" అని అడిగి చూడండి.

సమాధానం 2: అర్థశాస్త్ర పరిశోధకుడు, విశాఖపట్నం

సమాచారం గురించి ముందు క్లుప్తంగా చెబుతాను. నిర్ణీత సంఖ్యలో పనివారున్న రిజిస్టర్డ్ ఫ్యాక్టరీలన్నీ ప్రభుత్వం జరిపే వార్షిక పరిశ్రమల సర్వే పరిధిలోకి వస్తాయి, కాబట్టి భాగస్వామ్య మిల్లులూ అందులో ఉంటాయి. అయితే ఫ్యాక్టరీ పేరు బయటపెట్టరు గనుక మీరు వెళ్లిన మిల్లును అందులో గుర్తించలేరు. అది మీకు నేపథ్యం ఇస్తుంది, అంతవరకే.

మీరు తప్పకుండా చదవవలసింది ముంబై సమీపంలోని తారాపూర్, ఉంబర్‌గావ్ బట్టల మిల్లుల్లో జరిగిన ప్రయోగం. బ్లూమ్, అప్రజిత్ మహాజన్, డేవిడ్ మెకెంజీ తదితరులు 17 సంస్థలకు చెందిన 28 ప్లాంట్లను తీసుకుని, వాటిలో కొన్నిటికి నెలల తరబడి ఉచితంగా కన్సల్టెంట్లను పంపారు. ఫలితాలు 2013లో అచ్చయ్యాయి. నేర్పినవి పెద్ద రహస్యాలేమీ కావు. గోదాములో కుప్పలుగా పడి ఉన్న నూలును రంగు, రకం, వయసు ప్రకారం అరల్లో సర్ది చీటీలు అతికించడం, మగ్గం ఆగిన ప్రతిసారీ కారణం రాయడం, బట్టలో లోపాలను రోజూ లెక్కగట్టి మరునాడు కలిసి చూసుకోవడం వంటివే. మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. ఇంత లాభసాటి అయిన పనిని అంతకు ముందే ఎందుకు చేయలేదంటే, కొన్ని పద్ధతుల గురించి వారు విననే లేదు, విన్నవి తమకు పనికొస్తాయని నమ్మలేదు. మంచి పద్ధతులున్న సంస్థ పెరిగి చెడ్డ సంస్థను బజారు నుంచి ఎందుకు తోసేయలేదన్న ప్రశ్నకు వచ్చిన జవాబు మీ అంశానికి మరీ దగ్గరిది: సంస్థ ఎంత పెద్దదో నిర్ణయించడంలో నిర్వహణ కంటే, ఆ కుటుంబంలో పనికి దిగగల మగవారెందరన్న లెక్కకే ఎక్కువ బలం కనిపించింది.

పరిశోధకులు 2017లో మళ్లీ వెళ్లి చూసేసరికి, నేర్చుకున్న పద్ధతుల్లో దాదాపు సగం వదిలేసి ఉన్నారు. మేనేజర్లు మారిపోవడం, యజమానులకు తీరిక లేకపోవడం అందుకు ముఖ్య కారణాలు. ఒకే సంస్థ ప్లాంట్ల మధ్య పద్ధతులు బాగానే పాకాయి, సంస్థ దాటి పక్క సంస్థకు మాత్రం అంతగా పోలేదు.

సమాధానం 3: చార్టర్డ్ అకౌంటెంట్, ఆదిలాబాద్

పై ఇద్దరూ చెప్పినది నిజమే. అయినా యజమాని వైపు నుంచి ఒక మాట చెప్పకపోతే ఈ చర్చ ఒంటిచేతి చప్పట్లా మిగిలిపోతుంది. పత్తి సీజన్‌లో మిల్లు గేటు దగ్గర ఒక ఉదయం నిలబడండి. బండి ఆగగానే యజమాని చెయ్యి లోపలికి పోనిచ్చి పిడికెడు పత్తి తీసి నొక్కి చూసి, తేమ పది శాతమా పన్నెండా అన్నది యంత్రం చెప్పక ముందే అంచనా కట్టి ధర పలుకుతారు. పత్తిలో దూది సుమారు మూడో వంతే, మిగిలిందంతా దాదాపు గింజ. ఒక్క శాతం తేమ పొరపాటు పడితే ఆ బండి మీద లాభం పోయినట్లే. ఈ కొనుగోలును జీతగాడికి అప్పగిస్తే, అతను రైతుతోనో దళారితోనో కుమ్మక్కయి నష్టం తెచ్చినా, కోర్టుకెళ్లి ఆ సొమ్ము రాబట్టుకునేసరికి ఎన్ని సీజన్లు గడుస్తాయో చెప్పలేం. అప్పుకేమో యజమాని కుటుంబమంతా బ్యాంకులో హామీ సంతకాలు పెట్టి ఉంటుంది. ఇలాంటి స్థితిలో తాళంచెవి సొంతవాళ్ల చేతిలో ఉంచుకోవడాన్ని వెనుకబాటుతనం అనడం నాకు న్యాయంగా తోచదు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివి హార్వర్డ్ ఆచార్యులైన కృష్ణ పాలెపు, అక్కడి మరో ఆచార్యులు తరుణ్ ఖన్నాతో కలిసి 1997 నుంచి చెబుతూ వచ్చిన సంస్థాగత శూన్యాల వాదన ఇక్కడ మీకు అక్కరకొస్తుంది. ఒప్పందాన్ని అమలు చేయించే, అప్పు ఇప్పించే, నమ్మకమైన మనిషిని వెతికిపెట్టే వ్యవస్థలు బలహీనంగా ఉన్నచోట ఆ పనులన్నీ వ్యాపార కుటుంబమే మోయవలసి వస్తుంది. వారు దీన్ని పెద్ద వ్యాపార సమూహాల గురించి చెప్పారు, కానీ మా ఊరి మిల్లు గేటు దగ్గర కూడా నాకు అదే కనిపిస్తోంది.

ప్రశ్న వేసినవారు, తిరిగి

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న ఒక మిల్లుకు మళ్లీ వెళ్లి, ప్రశ్నావళి పక్కనపెట్టి, స్టోరు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, చెక్కు మీద ఎవరు సంతకం పెడతారు, తేమ ఎవరు చూస్తారు అని మాత్రమే అడిగాను. గంటన్నర మాట్లాడారు. తాళంచెవి బావమరిది దగ్గర, చెక్కు సంతకం పెద్దాయనది. తేమ చూసేది మాత్రం ఇరవై ఏళ్లుగా ఉన్న గుమాస్తా, ఆయన కులమూ వేరు, ఊరూ వేరు. అయినా ఆ ఇంట్లో అందరూ ఆయన్ని "బాబాయ్" అనే పిలుస్తారు. నా పట్టికలో ఆయన్ని కుటుంబం కింద రాయాలా, బయటివారి కింద రాయాలా?

సమాధానం 1 ఇచ్చినవారు, తిరిగి

రెండిటి కిందా రాయకండి. రక్తసంబంధం, వియ్యం, ఇన్నేళ్ల కొలువు అని మూడు వేర్వేరు గడులు పెట్టి, ఒక్కొక్కరికి దేన్ని అప్పగించారో ఎదురుగా రాయండి. బావమరిదికి చెక్కు పుస్తకం ఇవ్వని ఇంట్లో కొనుగోలు ధరను తేల్చే తేమ పరీక్షను గుమాస్తా చేతిలో ఎలా పెట్టారో, ఏ ఏడు పెట్టారో, అంతకు ముందు ఎవరు చూసేవారో వచ్చేసారి వెళ్లినప్పుడు అడగండి.