ఏళ్ళ తరబడి నడుము నొప్పి: మాన్యువల్ థెరపీకి వెళ్ళమంటారా?

కుట్టుమిషన్:
నమస్కారమండి. నేను కుట్టుపని చేస్తాను. కుడివైపు నడుములో మొదలై పిరుదు దాకా లాగే నొప్పి, ఏళ్ళుగా వదలడం లేదు. ఎమ్మారైలో డిస్క్ కాస్త ఉబ్బిందని, ఆపరేషన్ అక్కర్లేదని చెప్పారు. మాత్ర వేసుకున్నంతసేపే సుఖం. పక్క మీద ఇటునుంచి అటు తిరగాలన్నా భయమే. తెలిసినావిడ మాన్యువల్ థెరపీకి వెళ్ళమంటున్నారు. చేతులతో నొక్కి, కదిలించి చేస్తారట. నిద్ర, టెన్షన్ గురించి కూడా అడుగుతారట. నడుముకీ నిద్రకీ ఏం సంబంధమండి?

ఫిజియో:
చాలా సంబంధం ఉందండి. నొప్పి 3 నెలలు దాటితే దీర్ఘకాలిక నొప్పి అంటాం. గాయం మానినా చాలామందిలో నరాల వ్యవస్థ జాగ్రత్త వదలదు, మామూలు కదలికను కూడా ప్రమాదంగానే లెక్కేస్తుంది. నిద్ర చాలకపోతే, దిగులు పెరిగితే అది ఇంకా ముదురుతుంది. అంటే మీ నొప్పి ఊహ అని కాదు, నూటికి నూరు పాళ్ళూ నిజం.

దెబ్బ తగిలిన చోట రుద్దుకుంటే హాయిగా ఉంటుంది కదా. స్పర్శ సంకేతాలు వెన్నుపాములోనే నొప్పి సంకేతాలను కొంత అడ్డుకుంటాయని 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. చేతి చికిత్సతో వచ్చే తెరిపిలో కొంత భాగం అదే. అయితే అది ఎక్కువ కాలం నిలవదు. ఆ కాస్త తెరిపిలోనే, భయపడి మానేసిన కదలికలను మళ్ళీ మొదలుపెట్టాలి. బ్రిటన్‌లో ఏ జబ్బుకు ఏ చికిత్స ఇవ్వాలో సూచించే నైస్ అనే సంస్థ 2016 నాటి మార్గదర్శకాలు కూడా నడుము నొప్పికి ఈ చికిత్సను వ్యాయామంతో కలిపే ఇవ్వమన్నాయి. "డిస్క్ జరిగింది, చేత్తో లోపలికి నెట్టేస్తాను" అనే వాళ్ళ దగ్గరికి మాత్రం దయచేసి వెళ్ళకండి.

మెడనొప్పి:
నాది మెడ. మొదటి రోజు థెరపీ చేసే ఆవిడ మెడ ముట్టుకోకుండా ముందు నా రోజంతా ఎలా గడుస్తుందో అడిగారు. తర్వాత పక్కటెముకల మీద చెయ్యి ఉంచి, ఊపిరి అక్కడిదాకా తీసుకోమన్నారు. ఊపిరి అంత పైపైన తీసుకుంటున్నానని నాకు అప్పుడే తెలిసింది. మర్నాడు ఒళ్ళు కాస్త నొప్పులుగా ఉంది, తర్వాత సర్దుకుంది. నొప్పి పూర్తిగా పోలేదు. కానీ ఇప్పుడు వెనక్కి తిరిగి చూడగలుగుతున్నాను, నాకది చాలా పెద్ద విషయం.

కుట్టుమిషన్:
ధన్యవాదాలండి. టక్‌మని విరుస్తారేమోనని భయం. అది తప్పనిసరా?

ఫిజియో:
కాదు. వద్దని చెప్పే హక్కు మీకుంది, మెత్తగా చేసే పద్ధతులు చాలా ఉన్నాయి. ఎముకలు గుల్లబారినా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా ముందే చెప్పండి. మూత్రం, విరేచనం మీద పట్టు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా, కాలు బలహీనపడినా థెరపీ కోసం ఆగకండి, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళాలి. ఇవేవీ లేకపోతే నిశ్చింతగా వెళ్ళండి. మిషన్ మీద ఎలా కూర్చుంటారో, కుడి కాలు పెడల్ మీద ఎంతసేపు ఉంటుందో వాళ్ళకు చూపించండి. ఇంటి దగ్గర ఏ కదలికలు చేయాలో అడిగి తెలుసుకున్నాకే బయల్దేరండి.