డిస్క్ కొంటే గేమ్ మన సొంతమైనట్టేనా? కొత్త కన్సోల్‌కి డ్రైవ్ కావాలా, వద్దా?

పాతడిస్కు:
సూటిగా అడుగుతున్నా. సోనీ ప్లేస్టేషన్ 5 ప్రో (పీఎస్5 ప్రో) 2024 నవంబర్ 7న 699.99 డాలర్లకి వచ్చింది. గేములు దాచుకోడానికి 2 టీబీ ఎస్‌ఎస్‌డీ (వేగమైన లోపలి స్టోరేజీ) ఇచ్చారు, డిస్క్ డ్రైవ్ మాత్రం ఇవ్వలేదు. కావాలంటే విడిగా ఇంకో 79.99. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌కి డ్రైవ్ లేదు, బయటి నుంచి తగిలించే దారీ లేదు. నింటెండో స్విచ్ 2కి కార్డు స్లాట్ ఉందిగానీ, బయటి కంపెనీల గేములు చాలా వరకు గేమ్-కీ కార్డుల మీదే వస్తున్నాయి. అందులో గేమ్ ఉండదు, దాన్ని దించుకోడానికి తాళంచెవి ఉంటుంది. ముగ్గురూ మాట్లాడుకున్నట్టు ఒకే దారి పట్టారు.

నా మాట ఒకటే: డ్రైవ్ లేని కన్సోల్ కొనొద్దు. నింటెండో పాత మెషీన్లు 3డీఎస్, వీ యూల ఈషాప్‌లు (ఆన్‌లైన్ దుకాణాలు) 2023 మార్చి 27న మూసేశారు. ఎక్స్‌బాక్స్ 360 స్టోర్ 2024 జూలై 29న మూతపడింది. ముందే కొన్నవాళ్లు మళ్లీ దించుకోవచ్చు. కొననివాళ్ల సంగతి? డిజిటల్‌లో మాత్రమే వచ్చిన గేమ్ ఇక ఆ మెషీన్ మీద కొనడానికి లేదు. అదే డిస్క్ అయితే పదేళ్ల తర్వాతైనా సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది. పైగా నచ్చకపోతే అమ్ముకోవచ్చు. ప్లేస్టేషన్ స్టోర్‌లో 14 రోజుల్లోపు రిఫండ్ ఉందంటారు కదా, డౌన్‌లోడ్ మొదలుపెట్టిన క్షణంలో ఆ హక్కు పోతుంది. ఆడి చూడకుండా నచ్చలేదని ఎలా తెలుస్తుంది?

ప్యాచ్‌పురాణం:
పాతడిస్కు గారూ, మీరు చెప్పిన డిస్క్ 2013 నాటిది. ఇప్పటి డిస్క్ లోపల ఏముందో చూశారా? డూమ్: ద డార్క్ ఏజెస్ గేమ్ పీఎస్5 డిస్క్‌లో ఉన్నది దాదాపు 85 ఎంబీ. మిగతాదంతా సర్వర్ నుంచే రావాలి. 100 జీబీ పట్టే డిస్క్ మీద ఒక్క శాతం కూడా లేదు!

ద క్రూ అనే రేసింగ్ గేమ్ సంగతి ఇంకా అన్యాయం. డిస్క్ మీద గేమ్ మొత్తం ఉంది. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు, అంతే, డిస్క్ అరలో అలంకారమైంది. ఒక్కరే ఆడుకునే భాగం కూడా నడవదు. మీ వాదన ప్రకారం ఆ డిస్క్ కొన్నవాళ్లు ఆ గేమ్‌కి యజమానులు. ఏం చేసుకుంటారు దాన్ని?

కీలుగుర్రం:
గేమ్-కీ కార్డు మీద జనం కోపం సగం సబబు, సగం కాదు. మొదట అది ఎలా పనిచేస్తుందో చూడండి. మొదటిసారి నెట్ కావాలి, గేమ్ మొత్తం దిగాలి. తర్వాత నెట్ లేకున్నా ఆడొచ్చు, కానీ ఆడే ప్రతిసారీ కార్డు స్లాట్‌లో ఉండాలి. ఆ కార్డు ఏ ఖాతాకీ కట్టుబడి ఉండదు కాబట్టి ఇచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. డబ్బాలో కోడ్ చీటీ పెట్టి అమ్మడం కంటే ఇది నయం.

దిగే గేమ్‌కి చోటు కావాలి, అసలు ఇబ్బంది అక్కడే. స్విచ్ 2లో ఉన్నది 256 జీబీ. పాత స్విచ్‌లోని మైక్రోఎస్‌డీ తీసి ఇందులో పెడితే గేములు ఎక్కవు, పాత ఫొటోలు, వీడియోలు తెచ్చుకోడానికి తప్ప దానితో పని లేదు. మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ అని రాసి ఉన్నదే కొనాలి. పాత యూహెచ్‌ఎస్-1 కార్డు గరిష్ఠం సెకనుకి 104 ఎంబీ, ఎక్స్‌ప్రెస్ కాగితం మీద 985 వరకూ పోతుంది. డబ్బా మీద 'ఎక్స్‌ట్రీమ్' లాంటి పేరు చూసి అదే అనుకుని తెచ్చుకునేవాళ్లు బోలెడు మంది. పేరు కాదు, కార్డు మీద 'ఈఎక్స్' గుర్తు చూడండి.

సైబర్‌పంక్ 2077 మాత్రం 64 జీబీ కార్డు మీద పూర్తిగా ఇచ్చారు. కాబట్టి 'గేమ్ మొత్తం కార్డు మీద పెట్టడం కుదరదు' అనేది అబద్ధం. కంపెనీలు ఖర్చు పెట్టదలుచుకోలేదు, అంతే.

ఫ్రేముల లెక్క:
అంతే కాదండీ. స్టార్ వార్స్ అవుట్‌లాస్ ఎందుకు కీ కార్డు అయిందో ఆ గేమ్ మీద పనిచేసిన ఇంజినీర్ బయటే రాశాడు. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, స్నోడ్రాప్ ఇంజిన్, గేమ్ ప్రపంచాన్ని ముక్కలు ముక్కలుగా స్టోరేజీ నుంచి లాగుతూ పోతుంది, కార్డు చదివే వేగం దానికి చాలలేదు. మొదట్నుంచీ ఎస్‌ఎస్‌డీని నమ్ముకుని కట్టిన గేమ్ అది. పీఎస్5 ఎస్‌ఎస్‌డీ సెకనుకి 5.5 జీబీ, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌ది 2.4. ఆ వేగం మీద లెక్కేసుకుని మ్యాప్ వేస్తే దాన్ని తర్వాత కార్డు మీదకి దించడం మాటలు కాదు. ప్రతి కీ కార్డు వెనకా పిసినారితనమే ఉందనలేం. స్ట్రీట్ ఫైటర్ 6 లాంటి వాటికి మాత్రం ఈ సాకు చెల్లదు, అక్కడ మీరన్నదే నిజం.

కీలుగుర్రం:
సరే, అవుట్‌లాస్ వరకు ఒప్పుకుంటా.

కో-ఆప్ కోమలి:
అందరూ నింటెండోని తిడుతున్నారు గానీ, డిస్క్‌ని తాళంచెవిగా మార్చింది ముందు మైక్రోసాఫ్టే. 2015లో ఎక్స్‌బాక్స్ వన్‌కి బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ (పాత గేములు కొత్త మెషీన్‌లో నడిచే సౌకర్యం) తెచ్చినప్పుడు ఏం చేశారు? 360 డిస్క్ పెడితే కన్సోల్ ఆ డిస్క్ ఏ గేమ్‌దో గుర్తుపడుతుంది, అంతే. నడిచేది కొత్త మెషీన్‌కి తగ్గట్టు మళ్లీ కట్టిన కాపీ, అది నెట్ నుంచి దిగుతుంది. ఆడుతున్నంతసేపూ డిస్క్ లోపలే ఉండాలి. గేమ్-కీ కార్డుకీ దీనికీ తేడా చెప్పండి చూద్దాం. అప్పుడు చప్పట్లు కొట్టాం, ఇప్పుడు రాళ్లేస్తున్నాం. (అప్పుడు డబ్బు మళ్లీ అడగలేదు, అది వేరే విషయం.)

పాతడిస్కు గారి మాటలో నాకు నచ్చింది ఒకటుంది. పీఎస్4 డిస్కులు ఉన్నవాళ్లు డ్రైవ్ లేని పీఎస్5 కొంటే ఆ గేములన్నీ పోయినట్టే. పీఎస్5 వెర్షన్‌కి అప్‌గ్రేడ్ ఉచితమే అయినా డిస్క్ లోపల పెట్టనిదే ఇవ్వరు. ఇది తెలియక డిజిటల్ ఎడిషన్ కొని తర్వాత డ్రైవ్ వెతుక్కునేవాళ్లకి ఒక మాట: 2020 నాటి మొదటి డిజిటల్ ఎడిషన్‌కి విడిగా అమ్మే డ్రైవ్ పట్టదు. 2023 చివర్లో వచ్చిన సన్న మోడల్‌కీ, ప్రోకీ మాత్రమే.

ప్యాచ్‌పురాణం:
ఆ విడి డ్రైవ్ సంగతి కూడా చెప్పండి మరి. తగిలించాక కన్సోల్‌తో జత కలపాలంటే నెట్ తప్పనిసరి. ఆ ఒక్కసారికీ సర్వర్ 'సరే' అనాలి. పదిహేనేళ్ల తర్వాత ఆ సర్వర్ లేకపోతే, కొత్తగా జత కలపాల్సిన డ్రైవ్ వట్టి ప్లాస్టిక్కు. డిస్క్ అంటే స్వాతంత్ర్యం అనేవాళ్లు ముందు దీనికి సమాధానం చెప్పాలి.

స్క్రూడ్రైవర్ స్వామి:
డ్రైవ్‌తో వచ్చిన 2020 మోడల్‌లో కూడా ఆ డ్రైవ్ మదర్‌బోర్డుతో ముడిపడే ఉంటుంది. డ్రైవ్ పాడైతే వేరే పీఎస్5 డ్రైవ్ తెచ్చి పెట్టినా డిస్క్ చదవదు. డ్రైవ్‌లో ఉండే చిన్న సర్క్యూట్ బోర్డు పాతదే ఉంచి, మోటారు, లేజరు ఉన్న భాగం మాత్రం మార్చాలి. రిపేర్‌కి ఇచ్చేటప్పుడు 'నా బోర్డు నాకే ఉండాలి' అని ముందే చెప్పండి. ఆ బోర్డు కాలిపోతే ఇక ఆ కన్సోల్ డిజిటలే.

డిజిటల్ దారిలో పోయేవాళ్లు ఎస్‌ఎస్‌డీ వేసుకునేటప్పుడు చేసే తప్పులూ రాస్తా, ఎందుకంటే వారానికో ప్రశ్న వస్తోంది. పీఎస్5కి కావాల్సింది పీసీఐఈ జెన్4 ఎం.2 రకం ఎస్‌ఎస్‌డీ, సోనీ సూచించిన వేగం సెకనుకి 5,500 ఎంబీ లేదా పైన, సైజు 250 జీబీ నుంచి 8 టీబీ. హీట్‌సింక్ (వేడిని లాగేసే లోహపు పలక) ఉండాలి. దానితో కలిపి మొత్తం మందం 11.25 ఎం.ఎం. దాటకూడదు. పీసీ కోసం చేసిన ఎత్తైన హీట్‌సింక్‌తో వచ్చినవి ఇక్కడే తంతాయి: ఎస్‌ఎస్‌డీ కూర్చుంటుంది, పైన ఇనుప మూత పడదు. మూత లేకుండా వదిలేయకండి. ఇంకోటి, స్లాట్‌లో చిన్న స్పేసర్ ఉంటుంది. మన ఎస్‌ఎస్‌డీ పొడవు (మామూలుగా 80 ఎం.ఎం.) ఉన్న రంధ్రం దగ్గరికి దాన్ని మార్చాలి. మార్చకుండా స్క్రూ బిగించబోతే బోర్డు వంగుతుంది.

డిస్క్ కొంటే ఎస్‌ఎస్‌డీ చోటు మిగులుతుందనే భ్రమ కూడా వదిలేయండి. పీఎస్5 గేమ్ డిస్క్ పెట్టినా మొత్తం లోపలికి కాపీ అవుతుంది. బయట తగిలించే యూఎస్‌బీ డ్రైవ్ మీద పీఎస్5 గేములు దాచుకోవచ్చు గానీ అక్కడి నుంచి ఆడలేం. వెనక్కి లాక్కోవడం మళ్లీ డౌన్‌లోడ్ చేయడం కంటే వేగం, అది దాని ఉపయోగం.

పాతడిస్కు:
ప్యాచ్‌పురాణం గారూ, జత కలపడం గురించి మీరన్నది నిజమే, కాదనను. కానీ అన్ని డిస్కుల్నీ డూమ్‌తో ఒకే గాటన కట్టేయడం న్యాయం కాదు. ఏ డిస్క్ బతికి ఉందో, ఏది డొల్లో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. పీఎస్5 మీద ఇలా:

గేమ్ ఇన్‌స్టాల్ అయి ఉంటే ముందు తీసేయండి, సేవ్ డేటా దానితో పోదు. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌కి వెళ్లి ఇంటర్నెట్ ఆపండి, లాన్ వైరు ఉంటే అదీ పీకండి. కొత్తగా ఒక లోకల్ యూజర్‌ని పెట్టుకోండి. ఇది ముఖ్యం, ఎందుకంటే ప్యాచ్ (తర్వాత నెట్ నుంచి దిగే సవరణ) పడ్డాక చేసిన సేవ్ చాలాసార్లు పాత వెర్షన్‌లో తెరుచుకోదు. పీఎస్5 గేముల సేవ్‌లు యూఎస్‌బీకి కాపీ కావు, క్లౌడ్‌కి మాత్రమే. అసలు ఖాతాతో ప్రయోగాలొద్దు. అప్పుడు డిస్క్ పెట్టండి. కాపీ పూర్తయ్యాక గేమ్ బొమ్మ మీద ఆప్షన్స్ బటన్ నొక్కి సమాచారం చూడండి. వెర్షన్ 01.000తో మొదలైతే మీరు చూస్తున్నది డిస్క్ మీదున్నదే. నెట్ ఆన్‌లో ఉంచి చేస్తే కాపీతో పాటే ప్యాచ్ దిగిపోతుంది, ఏది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. చాలామంది 'నా డిస్క్ బాగానే ఉంది' అనేది ఇలా చూసే.

తర్వాత ఆడండి. మెనూ వచ్చిందని ఆపేయొద్దు. ట్యుటోరియల్ దాటి కనీసం రెండో అధ్యాయం దాకా వెళ్లాలి. కొన్ని డిస్కుల్లో మొదటి భాగమే ఉంటుంది, తర్వాత 'డౌన్‌లోడ్ అవసరం' అని గోడ కడుతుంది.

కో-ఆప్ కోమలి:
సిరీస్ ఎక్స్ వాళ్లకి ఒక చేర్పు. ఎక్స్‌బాక్స్ వన్ డిస్కులు పెడితే మొదట్లో నెట్ చెక్ అడిగేది. 2022లో ఒక సిస్టమ్ అప్‌డేట్‌తో తీసేశారు. ఇంకా పాత అప్‌డేట్ మీదున్న మెషీన్‌తో టెస్ట్ చేసి డిస్క్‌ని తిట్టకండి. డిజిటల్ గేములు నెట్ లేకుండా నడవాలంటే ఆ కన్సోల్‌ని 'హోమ్ ఎక్స్‌బాక్స్' చేసి ఉండాలి, ఏడాదికి 5 సార్లే మార్చుకోనిస్తారు. పీఎస్5లో దీనికి సమానమైనది 'కన్సోల్ షేరింగ్ అండ్ ఆఫ్‌లైన్ ప్లే'. సగం మంది 'డిజిటల్ గేమ్ తాళం పడింది' అని ఏడ్చేది ఈ సెట్టింగ్ ఆఫ్‌లో ఉండబట్టే.

ప్యాచ్‌పురాణం:
టెస్ట్ పద్ధతి బాగుంది, ఒప్పుకుంటున్నా. అయినా 1.0 వెర్షన్ ఆడటం అంటే బగ్గులన్నీ ఆడటమే కదా. సొంతమైంది, కానీ పగిలిపోయింది.

ఫ్రేముల లెక్క:
రాబోయే వాటి మాట చూద్దాం. జీటీఏ 6 తేదీ రెండుసార్లు జరిగి 2026 నవంబర్ 19 అన్నారు, పీఎస్5కీ సిరీస్ ఎక్స్, ఎస్‌లకీ. మైక్రోసాఫ్ట్ సొంత గేమ్ హేలో: క్యాంపెయిన్ ఈవాల్వ్డ్ పీఎస్5కి కూడా వస్తోందని 2025 అక్టోబర్‌లో ప్రకటించారు. హేలోనే ప్లేస్టేషన్ మీద ఆడేటప్పుడు 'ఎక్స్‌క్లూజివ్ (ఒకే కన్సోల్‌కి వచ్చే గేమ్) కోసం ఫలానా కన్సోల్' అనే లెక్క అరిగిపోయింది. ఇక మిగిలింది పాత గేముల లైబ్రరీ. ఆ లెక్కన చూస్తే డ్రైవ్ ఉన్న సిరీస్ ఎక్స్ నాలుగు తరాల డిస్కులు తీసుకుంటుంది (అన్నీ కాదు, జాబితాలో ఉన్నవే). పీఎస్5 పీఎస్4 దాకానే, పీఎస్3 డిస్క్ పెడితే పలకదు. నేనైతే డిస్క్ వాదులకి సోనీ కంటే సిరీస్ ఎక్స్‌నే చూపిస్తా. తర్వాతి ఎక్స్‌బాక్స్‌లో డ్రైవ్ ఉంటుందన్న నమ్మకం మాత్రం నాకు లేదు.

కీలుగుర్రం:
జీటీఏ 6 డిస్క్ వస్తే మొదటి రోజే కొనాలా, ఆగాలా?

పాతడిస్కు:
ఆగండి. జీటీఏ చేసే కంపెనీ రాక్‌స్టార్ 2018లో రెడ్ డెడ్ రిడెంప్షన్ 2ని పీఎస్4కి రెండు డిస్కులుగా ఇచ్చింది, ఒకటి డేటా, ఒకటి ప్లే. డేటా డిస్క్ ఒక్కసారి ఇన్‌స్టాల్‌కి, తర్వాత ప్లే డిస్క్ చాలు. జీటీఏ 6కి కూడా రెండు వస్తే సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు డబ్బా తెరిచి రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి, ప్లే డిస్క్ ఒక్కటే పెట్టి అమ్మేవాళ్లు ఉంటారు. ఒక్కటే వస్తే డబ్బా వెనక చిన్న అక్షరాల్లో 'డౌన్‌లోడ్ అవసరం' అని ఎంత సైజు రాశారో చదవండి. ఎవరైనా నెట్ పీకి పైన చెప్పిన టెస్ట్ చేసి చెప్పేదాకా నేను డబ్బు తీయను.

ప్యాచ్‌పురాణం:
మీరు తీయకపోతే నేను డిజిటల్‌లో ఆడేసి కథ చెప్పేస్తా.