వర్చువల్ మెషీన్ డిస్కు ఫైలు నిజంగా ఎంత చోటు తీసుకుంటోంది?

గట్టుమీద_సర్వరు:
మా ఆఫీసులో కేవీఎం (లినక్స్‌లో వర్చువల్ మెషీన్లు నడిపే వ్యవస్థ) మీద నాలుగు వర్చువల్ మెషీన్లు నడుస్తున్నాయి. ఒక్కోదానికి 100 జీబీ క్యూకౌ2 డిస్కు (వాడేకొద్దీ పెరిగే డిస్కు ఫైలు) ఇచ్చాను, వాటిని నడిపే అసలు సర్వరులో, అంటే హోస్టులో, ఉన్నది 250 జీబీ. నిన్న రాత్రి హోస్టు నిండిపోయి రెండు మెషీన్లు నిలిచిపోయాయి. పాత ఐఎస్‌ఓలు (ఇన్‌స్టాల్ డిస్కుల ఫైళ్లు) తీసేసి వాటిని మళ్లీ నడిపించాను. తర్వాత రెండింటిలోనూ పాత లాగ్‌లు చెరిపాను, అయినా హోస్టులో ఒక్క జీబీ కూడా తిరిగి రాలేదు. పైగా డిస్కు ఫైలు సైజు అడిగితే ఎల్‌ఎస్ కమాండ్ ఒక అంకె చెబుతోంది, డీయూ కమాండ్ ఇంకొకటి. దేన్ని నమ్మాలి?

రాత్రిడ్యూటీ:
డీయూనే నమ్మండి. ఎల్‌ఎస్ చెప్పేది పట్టాదారు పాసుపుస్తకంలోని విస్తీర్ణం, డీయూ చెప్పేది దున్నిన నేల. అనుమానం ఉంటే ఆ ఫైలు మీద స్టాట్ కమాండ్ కొట్టి బ్లాకుల సంఖ్యను 512తో గుణించండి. 4,19,43,040 బ్లాకులంటే సరిగ్గా 20 జీబీ.

పాతకెర్నల్:
లోపల చెరిపితే లోపలి ఫైల్ సిస్టమ్‌కే తెలుస్తుంది, హోస్టుకు ఆ కబురు అందదు. డిస్కు సెట్టింగులో డిస్కార్డ్‌ను అన్‌మ్యాప్‌గా మార్చి (అప్పుడే చెరిపిన చోటు కబురు హోస్టుకు చేరుతుంది), మెషీన్‌ను పూర్తిగా ఆపి మళ్లీ మొదలుపెట్టండి. లోపలి నుంచి రీబూట్ చేస్తే సరిపోదు. ఆ తర్వాత లోపల ఎఫ్‌ఎస్‌ట్రిమ్ (ఖాళీ అయిన చోటేదో కింది డిస్కుకు చెప్పే కమాండ్) నడపండి. కేవీఎంతో కలిసి మెషీన్లను నడిపే క్యూఈఎంయూ ప్రోగ్రాము 4.0 కంటే పాతదైతే, వర్ట్‌ఐఓ బ్లాక్ రకంగా తగిలించిన డిస్కుకు ఇది పనిచేయదు, వర్ట్‌ఐఓ స్కజీ రకానికి మార్చుకోవాలి.

కాపీకష్టాలు:
వేరే సర్వరుకు పంపేటప్పుడు కూడా జాగ్రత్త. 18 జీబీ మాత్రమే నిండిన 100 జీబీ రా ఫైలును (ఏ ఫార్మాటూ లేని డిస్కు ఫైలు) నేను ఎస్‌సీపీ అనే కాపీ కమాండ్‌తో పంపితే అవతల 100 జీబీ అయి కూర్చుంది. ఖాళీ చోట్లన్నీ సున్నాలుగా రాసేసింది. అప్పటి నుంచి ఆర్‌సింక్ కమాండ్‌లో స్పార్స్ ఆప్షన్ (ఖాళీ చోట్లను ఖాళీగానే ఉంచేది) లేకుండా పంపను.

రాత్రిడ్యూటీ:
క్యూఈఎంయూ ఇమేజ్ కమాండ్‌లోని కన్వర్ట్‌తో కొత్త ఫైలుగా మార్చినా చోటు మిగులుతుంది, కానీ మెషీన్ ఆపాకే చేయండి. ఎంత చోటు కావాలో అందులోని మెజర్ ఉపకమాండ్ ముందే చెబుతుంది. ఒక్క మాట: ఫైలు లోపల దాచిన స్నాప్‌షాట్లు (ఒకప్పటి డిస్కు స్థితిని భద్రపరిచిన నకళ్లు) కొత్త ఫైలులోకి రావు. అవి అవసరమైతే పాత ఫైలును చెరపకండి, దయచేసి.

గట్టుమీద_సర్వరు:
అందరికీ ధన్యవాదాలండీ. ట్రిమ్ చేశాక మొదటి మెషీన్ డీయూలో 78 నుంచి 49 జీబీకి దిగింది. రెండోది కదల్లేదు. చూస్తే దానిలో ఎప్పుడో తీసిన స్నాప్‌షాట్ ఒకటి ఆ బ్లాకులన్నీ పట్టుకుని ఉంది. దాన్ని తీసేసి మళ్లీ ట్రిమ్ చేశాను, అదీ తగ్గింది. హోస్టులో చోటు 80 శాతం దాటగానే మెయిల్ వచ్చేలా ఇప్పుడే స్క్రిప్టు పెట్టాను.